విదేశీ అతిథులు – మన మర్యాదలు

'మర్యాద' అనే పదానికి హద్దు అనే అర్థం కూడా కలదు. సముద్రానికి చెలియలికట్ట ఎటువంటిదో మనిషి మాటకు, చేతకు మర్యాద అటువంటిది. ఉర్దూలోని 'అదబ్' అనే మాటలో మరొక విశేషమున్నది. సత్ప్రవర్తనకూ సాహిత్యానికీ ఆ భాషలో అదే పేరు. ఈ రెండు భాషలనూ ఒకే ప్రాంగణంలో అభ్యసించే మనకు ఇది విచారింపదగిన విషయం.

పరదేశీయులు మన సీమకు కొత్తవారు కారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, మిర్యాలగూడకు చేరువనున్న కృష్ణాలోయలో సింహళ భిక్షువుల కొరకు ప్రత్యేక విహారం ఉండెడిదని నాగార్జునకొండ శాసనాలు తెలుపుతున్నవి. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్‌ మెట్రోపాలిటన్‌ మ్యూజియంలో ప్రదర్శింపబడినవి. నాగార్జునసాగర్‌లో 2022లో ప్రారంభమైన బుద్ధవనాన్ని 2025 మే 12న, బుద్ధపూర్ణిమ నాడు, ప్రపంచ సుందరి పోటీకి వచ్చిన వివిధ దేశాల యువతులు సందర్శించారు. ఇటువంటి అతిథులకు దారి చూపవలసిన వారు రేపు మీరే కావచ్చును. కనుక మన ఆచారాలను మనం పాటించుట మాత్రమే చాలదు, వాటిని ఇతరులకు వివరించగలగాలి.

మొదటిది పలకరింపు. చేతులు జోడించి నమస్కారమనుట, కుడిచేయి ఎత్తి ఆదాబ్‌ అనుట సర్వత్రా చెల్లును. పురుషుడు స్త్రీకి తానుగా కరచాలనానికి చేయి చాపరాదు. ఆమె చాచినచో అందుకొనవచ్చును. పేరు విషయంలో విదేశీయులు తరచు తికమకపడుదురు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత వచ్చును. ముస్లింలలో అనేకులకు ఇంటిపేరే ఉండదు. కావున 'మిమ్మల్ని ఏమని పిలువవలెను?' అని ముందే అడుగుట ఉత్తమం. పేరుకు 'గారు' లేదా 'సాహెబ్‌' చేర్చినచో పెద్దలు సంతోషింతురు.

ఇంటిలో ప్రవేశించునపుడు పాదరక్షలు గుమ్మం వెలుపల విడువవలెను. ఇచ్చుట, పుచ్చుకొనుట, భుజించుట కుడిచేతితోనే. 'చాలు' అన్న అతిథికి మరొక గరిటె వడ్డించుట మనకు ప్రేమ. ఆ కొసరు కొరకే మనం మొదట వద్దనుటయు కలదు. ఉర్దూలో దీనినే 'తకల్లుఫ్‌' అందురు. పాశ్చాత్యులకు చాలు అన్నచో చాలుననియే అర్థం. వారిని బలవంతపెట్టరాదు. వారి ఇంటికి మనం వెళ్లినపుడు మొదటిసారి అడిగినపుడే ఒప్పుకొనవలెను. లేకున్న ఆకలితో తిరిగి రావలసి వచ్చును!

వ్యాపార మర్యాద మరింత సున్నితమైనది. సాగర్‌ ఎడమకాలువ నీటితో పండే ధాన్యం మిర్యాలగూడ రైస్‌ మిల్లులకు పేరు తెచ్చినది. ఇక్కడ బేరానికి ముందు చాయ్‌, కుశల ప్రశ్నలు తప్పవు. విదేశీయుడు దీనిని కాలయాపన అనుకొనరాదు. మనిషిని ఎరిగిన పిదపనే సరుకు మాట అనుట మన పద్ధతి. అయితే మనం దిద్దుకొనవలసినదొకటి ఉన్నది. ఎదుటివాని మనసు నొప్పింపలేక 'లేదు' అనుటకు బదులు 'చూద్దాం' అందుము. మనవారికి అది సున్నితమైన నిరాకరణ అని తెలియును. పరదేశీయుడు దానిని వాగ్దానంగా గ్రహించి సరుకు కొరకు ఎదురుచూచును. తుదకు పోవునది మన మాటపై నమ్మకమే. కనుక కానిదానిని మృదువుగానైనను స్పష్టంగా చెప్పవలెను. ఒప్పుకొన్నదానిని కాగితంపై పెట్టవలెను.

ప్రార్థనాస్థలాల మర్యాదకు మన సమీపంలోనే ఉదాహరణలున్నవి. జాన్‌పహాడ్‌ దర్గాకు అన్ని మతాలవారు వత్తురు. అక్కడ తల కప్పుకొనవలెను. పిల్లలమర్రి ఆలయాలు కాకతీయుల నాటి శిల్పసంపద. రెండు చోట్లా పాదరక్షలు విడువవలెను. అనుమతి లేక ఛాయాచిత్రాలు తీయరాదు.

ఆతిథేయునికి కూడా హద్దు కలదు. 2025 మే నెలలో రామప్ప దేవాలయం వద్ద అందాల పోటీ అతిథుల పాదాలు కడుగుటలో స్థానిక మహిళలు సాయపడిన దృశ్యం వివాదాస్పదమైనది. అది ఆచారమని కొందరు సమర్థించగా, ఆత్మగౌరవానికి భంగమని అనేకులు విమర్శించారు. మన పల్లెలలో వచ్చినవారికి కాళ్లు కడుగుకొనుటకు చెంబుతో నీళ్లు అందించుట నేటికీ కలదు. కడుగుకొనువాడు అతిథియే. చెంబు అందించుట ఆదరణ. అంతకు మించి ఒకరిని వంగదీయుట ఆదరణ కాదు. తన గౌరవాన్ని నిలుపుకొన్నవాడే ఇతరులను నిజంగా గౌరవించగలడు.

విద్యార్థినీ విద్యార్థులారా! సెలవు తీసుకొనునపుడు మనం 'వెళ్తాను' అనము, 'వెళ్లి వస్తాను' అందుము. ఇంటివారును 'పోయి రండి' అందురు. ఆ చిన్న మాటలో తిరిగి రావలెననే కోరిక ఉన్నది. మన ఊరు విడిచే విదేశీయునికి ఈ ఒక్క మాట నేర్పి, దాని అర్థం వివరించి పంపుడు. అతడు మన మర్యాదను మరువడు.