ఊలుండతో కొత్త ఊరికి

భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్లే దారిలోనే దుమ్ముగూడెం వస్తుంది. రాముడి దర్శనం తొందరలో ఉన్న యాత్రికులు అక్కడ దిగరు. దిగి చూడదగ్గ కథ ఆ ఊరికి ఒకటుంది. గోదావరి మీద పడవల రవాణా కోసం 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఇంజినీర్లు ఇక్కడ ఆనకట్ట కట్టారు. వాళ్ల పని జరుగుతున్న రోజుల్లోనే చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది. ఆ మిషన్‌లో ఏళ్ల తరబడి ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరి భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనజీవితం గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. అదే మిషన్ ఇక్కడి ఆడవాళ్లకు లేసు పని నేర్పింది. అడవి అంచున ఉన్న పల్లెకు లేసు వల్ల పేరు వచ్చిందలా.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి డాలస్‌కో లండన్‌కో బయల్దేరే సూట్‌కేసుల్లో ఆవకాయ, కారప్పొడి, ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. అల్లిక సూది మాత్రం ఎవరికీ గుర్తురాదు. కొత్తగూడెం ఎండల్లో ఊలు పేరెత్తితేనే చెమట పడుతుంది మరి! కానీ కూతురి పురిటికని వెళ్లిన తల్లికి, భర్త ఉద్యోగం వెంట వెళ్లిన ఇల్లాలికి అసలు పరీక్ష డిసెంబరులో ఎదురవుతుంది. ఆ నెలలో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. ఇంట్లోవాళ్లు ఆఫీసుకు పోతే పలకరించే మనిషి ఉండదు. పక్కింటావిడ ఎదురుపడితే చలి గురించి ఒక మాట, అంతటితో సరి.

ఉగాది, బతుకమ్మ, దీపావళి సంగతి తెలుగు సంఘాలు చూసుకుంటాయి. పండగకూ పండగకూ మధ్య ఉన్న మామూలు మంగళవారాల మాటేమిటి? అక్కడే అల్లిక బృందం అక్కరకొస్తుంది. బ్రిటన్‌లో ఊరి గ్రంథాలయాల్లో ‘నిట్ అండ్ నాటర్’ పేరుతో, అంటే అల్లుతూ కబుర్లు చెప్పుకునేందుకు, వారానికో పక్షానికో పదిమంది కూడతారు. అమెరికాలో గ్రంథాలయాలతో పాటు ఊలు దుకాణాలు కూడా ఒక సాయంత్రం బల్ల వేసి కుర్చీలు సర్దుతాయి. గ్రంథాలయాల్లోవి చాలావరకు ఉచితం. నోటీసు బోర్డు చూస్తే వారం, వేళ తెలుస్తాయి. జూన్‌లో వెళ్లినవాళ్లకైతే ఇంకా సులువు. ఆరుబయట కూర్చుని అల్లే ప్రపంచ దినాన్ని డానియెల్ లాండెస్ అనే ఆమె 2005లో మొదలుపెట్టింది. ఆ నెలలో చాలా దేశాల పార్కుల్లో, కాఫీ హోటళ్లలో అల్లికవాళ్లు గుంపులుగా కనబడతారు. తిన్నగా వెళ్లి పక్కన కూర్చుంటే వద్దనేవాళ్లుండరు.

ఇంగ్లీషు సరిగా రాదన్న బెరుకు ఈ బల్ల దగ్గర సగం తగ్గిపోతుంది. చేతిలో పని ఉన్నప్పుడు అందరి చూపూ కిందికే ఉంటుంది. మాటకూ మాటకూ మధ్య మౌనం వచ్చినా ఎబ్బెట్టుగా ఉండదు. “ఇది నువ్వే అల్లావా? నాకూ నేర్పుతావా?” అన్న రెండు ప్రశ్నలు వస్తే మొదటి నెల గడిచిపోతుంది.

మర్యాదలు కొన్ని ఉన్నాయి. జీతం ఎంత, పిల్లలు ఎందుకు లేరు, మీ ఆయన ఎక్కడ అని మనవైపు రైలు బోగీలో అడిగినట్టు అక్కడ అడగకూడదు. ఎదుటివాళ్ల అల్లిక అందంగా ఉందని చటుక్కున చేత్తో పట్టుకోకూడదు, అడిగి ముట్టుకోవాలి. తప్పు కనబడినా అడగందే చెప్పకపోవడమే మేలు. వయసులో పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి మన నోరు రాదు; అక్కడ మాత్రం ఆంటీ అంటే చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు. పేరే వాడాలి.

ఏం అల్లాలి? కొత్తవాళ్లకు లేసు శాలువా చెబితే గుండె గుభేలుమంటుంది కానీ, క్రోషా తెలిసిన చేతికి అది అంత దూరం కాదు. మనవైపు ఎక్కువమందికి వచ్చింది ఒకే కొక్కెం సూదితో అల్లే క్రోషా. శాలువా దానితోనూ అల్లొచ్చు, రెండు సూదుల నిట్టింగ్‌తోనూ అల్లొచ్చు. బల్ల దగ్గర రెండు రకాలవాళ్లూ ఉంటారు. క్రోషా వాళ్లు ఒక్క మెలిక గుర్తుపెట్టుకోవాలి. బ్రిటన్ పుస్తకంలో ‘డబుల్ క్రోషే’ అన్నదే అమెరికా పుస్తకంలో ‘సింగిల్ క్రోషే’. బ్రిటన్ ‘ట్రెబుల్’ అమెరికాలో ‘డబుల్’ అవుతుంది. నమూనా ఏ దేశానిదో చూడకుండా మొదలుపెడితే శాలువా కొలతే మారిపోతుంది. సూదుల సైజులోనూ ఇదే గొడవ. అమెరికా 6 నంబరు, బ్రిటన్ పాత 8 నంబరు రెండూ 4 మిల్లీమీటర్లే. మిల్లీమీటర్లలో అడిగితే ఏ దుకాణంలోనైనా సరైన సూదే చేతికొస్తుంది.

మొదటి శాలువాకు సాలీడు దారమంత సన్నని ఊలు జోలికి పోకూడదు. 100 గ్రాముల్లో సుమారు 400 మీటర్లు వచ్చే రకం, 4 మిల్లీమీటర్ల సూదులు చాలు. చిన్న మూడుమూలల శాలువా వచ్చేస్తుంది. మంచి ఊలు తరచు చిలపలుగానే, అంటే వదులు చుట్టలుగానే అమ్ముతారు. చిలపను నేరుగా అల్లడానికి కూర్చుంటే పది నిమిషాల్లో చిక్కుపడుతుంది, ముందు ఉండగా చుట్టుకోవాలి. అందుకు ఇద్దరు కావాలి. ఒకరు రెండు చేతులూ చాచి చిలపను పట్టుకుంటారు, మరొకరు దారం లాగుతూ చుడతారు. 400 మీటర్లు చుట్టేలోపు ఎదురుగా ఉన్న మనిషి ఊరు, పిల్లలు, మోకాళ్ల నొప్పి అన్నీ తెలిసిపోతాయి. పరిచయానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

లేసు అందమంతా రంధ్రాల్లో ఉంది. నిట్టింగ్‌లో సూది మీద దారం ఒక చుట్టు అదనంగా వేస్తే కొత్త కుట్టు పుడుతుంది, దాని కింద రంధ్రం పడుతుంది. అలా కుట్లు పెరిగిపోకుండా పక్కనే రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లుతారు. ఆ కలిపిన కుట్టు కుడికి వాలిందా ఎడమకు వాలిందా అన్నదాన్ని బట్టి ఆకులు, అలలు, వజ్రాలు తేలతాయి. నమూనా గళ్ల పటంగా ఉంటుంది. శాలువా ముఖం వైపు వరసల్ని కుడి నుంచి ఎడమకు, పటాన్ని కింది నుంచి పైకి చదవాలి. ముంగిట్లో చుక్కల ముగ్గు పెట్టినట్టే, లెక్క తప్పితే బొమ్మ తప్పుతుంది. అందుకే అనుభవజ్ఞులు పది, పన్నెండు వరసలకోసారి వేరే రంగు సన్న దారాన్ని కుట్లన్నిటి గుండా దూర్చి వదిలేస్తారు. దాన్ని లైఫ్‌లైన్ అంటారు. తప్పు జరిగితే అక్కడిదాకా విప్పితే చాలు, మొదటికి పోనక్కర్లేదు.

సూదుల నుంచి దింపిన శాలువా నలిగిన గుడ్డలా, ముడుచుకుని ఉంటుంది. చాలామంది ఇక్కడే నిరాశపడతారు. దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరుపు మీద బాగా లాగి గుండుసూదులు గుచ్చి ఆరనివ్వాలి. అప్పుడు రంధ్రాలు విచ్చుకుంటాయి, కొలత పెరుగుతుంది. వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ రెండూ నిషిద్ధం; మామూలు ఊలు వేడికి, రాపిడికి ముద్దకట్టుకుపోతుంది.

ఈ విద్యకు పేరుపడ్డ చోట్లు కొన్నున్నాయి. రష్యాలో ఒరెన్‌బర్గ్ మేక నూగు శాలువాలు, ఎస్తోనియాలో హాప్సలు శాలువాలు, స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్ దీవులవి. షెట్లండ్ మేలురకం శాలువా మొత్తం పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుందంటారు. ఆ దీవుల బిడ్డ ఆర్థర్ ఆండర్సన్ అక్కడి అల్లిక మేజోళ్లను విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చి వాటికి గిరాకీ తెచ్చాడు. ఇండియాకు ఓడలు నడిపిన పీ అండ్ ఓ కంపెనీ స్థాపకుల్లో ఒకడు అతడే. బ్రిటన్‌లో స్థిరపడ్డవాళ్లు వేసవి సెలవుల్లో అటు వెళ్తే ఉన్‌స్ట్ దీవి హెరిటేజ్ సెంటర్‌లో ఆ లేసును దగ్గరగా చూడొచ్చు.

చేతిపని బాగుందని ఎవరైనా మెచ్చుకోగానే అమ్ముదామన్న ఆలోచన వస్తుంది. అక్కడ ఆగాలి. సందర్శక వీసా మీద వెళ్లిన అమ్మానాన్నలు అమెరికాలో పని చేయకూడదు. భర్త ఉద్యోగం వెంట హెచ్-4 వీసా మీద వెళ్లినవాళ్లలో 2015 నుంచి కొందరికి పని అనుమతి దొరుకుతోంది, అది చేతికొచ్చాకే అమ్మకం. బ్రిటన్ విద్యార్థి వీసా సొంత వ్యాపారాన్ని ఒప్పుకోదు. నాలుగు శాలువాల డబ్బుకు ఆశపడి వీసాకు ఎసరు పెట్టుకోవడం తెలివైన పని కాదు. కానుకగా ఇవ్వొచ్చు. చర్చికి వెళ్లేవాళ్లకు ‘ప్రేయర్ షాల్’ బృందాలున్నాయి. 1998లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఇద్దరు మహిళలు మొదలుపెట్టిన ఈ పద్ధతిలో జబ్బుపడ్డవాళ్లకూ దుఃఖంలో ఉన్నవాళ్లకూ శాలువా అల్లి ఇస్తారు.

డబ్బు విషయంలో మన నర్సాపురం చెప్పే పాఠం వేరే ఉంది. 1844లో స్కాట్లండ్ మిషనరీ దంపతులు నేర్పిన క్రోషా లేసు గోదావరి డెల్టా ఊళ్లలో వేల ఇళ్లకు పాకింది. 1982లో మరియా మీస్ అనే పరిశోధకురాలు రాసిన పుస్తకం దాని లోగుట్టు బయటపెట్టింది. ఇల్లాళ్లు తీరిక వేళ చేసే పని అన్న పేరు పెట్టి కూలి తగ్గించారు, లాభం ఎగుమతిదారులకు పోయింది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విదేశంలో లేసు బల్లగుడ్డ కొనేటప్పుడు, అది ఎవరి చేతిదో దుకాణదారుణ్ని అడిగే హక్కు తెలుగువాళ్లకు ఇంకాస్త ఎక్కువే ఉంది.

సూదులు విమానంలోకి తీసుకెళ్లొచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. అమెరికా, బ్రిటన్ భద్రతా నిబంధనలు క్యాబిన్ సంచిలో ఒప్పుకుంటాయి గానీ, తనిఖీ చేసేవాళ్లదే చివరి మాట. శంషాబాద్‌లో వాదనకు దిగేకన్నా చెక్-ఇన్ సామానులో పెట్టేస్తే గొడవ ఉండదు.

చెన్నైలో మొదలైన ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ బృందం 2016 జనవరిలో 11,148.5 చదరపు మీటర్ల క్రోషా దుప్పటితో గిన్నిస్ రికార్డు సాధించింది. దేశవిదేశాల్లోని భారతీయ మహిళలు 40 అంగుళాల చదరాలు ఎవరికివారు ఇంట్లో అల్లి పంపారు. మన సంఘాలకూ ఇది చేతకానిదేం కాదు. అమెరికా తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభల్లో చీరలకూ నగలకూ హాళ్లకు హాళ్లు కేటాయిస్తున్నారు. ఒక మూల నాలుగు బల్లలు, ఇరవై కుర్చీలు అల్లికకు ఇవ్వండి. దుమ్ముగూడెం, నర్సాపురం పేర్లు రాసి పెట్టండి. కొత్తగా వచ్చిన అమ్మలు మూడు రోజుల సభలో ఎవరితో మాట్లాడాలో తెలియక భోజనాల వరసలో నిలబడటం తప్పుతుంది.