అక్షరం చెరగలేదు – చత్వారం వచ్చింది

సూదిలో దారం ఒక పట్టాన ఎక్కదు. బియ్యంలో రాయి కంటికి కనబడదు, పంటికి తగులుతుంది. పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు. కింద కూర్చుంటే, లేచేటప్పుడు చెయ్యి నేలకు ఆనించాలి. నిన్నటిదాకా "అక్కా" అన్న ఎదురింటి పిల్ల ఇవాళ "పెద్దమ్మా" అంటుంది.

40 ఏళ్లు దాటిన మనకు ఇవన్నీ తెలిసినవే. వయసు చెప్పకుండా రాదు. ఇలా ఒక్కొక్కటే చెప్పి మరీ వస్తుంది.

జుట్టు తెల్లబడితే ఏ పనీ ఆగదు. కానీ కళ్లు మసకబారితే చదువు ఆగిపోతుంది. ఎలాగో చూడండి.

రాత్రి బడిలో ఒక అత్త పుస్తకం మూసేసింది.

"ఇక నా వల్ల కాదమ్మాయ్! మొన్నటిదాకా వచ్చిన అక్షరాలు ఇప్పుడు రావడం లేదు. 'మ' ఏదో, 'య' ఏదో తెలియడం లేదు. ముసలి బుర్రకు చదువెక్కుతుందా?"

చదువు చెప్పే అమ్మాయి గోడ మీద పటం చూపింది. అందులో అక్షరాలు పెద్దవి.

"అది చదువు అత్తా."

అత్త గడగడా చదివేసింది.

"అక్షరాలు మరిచిపోతే అదెలా చదివావు? ఇప్పుడు పుస్తకాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకో."

అత్త అలాగే పట్టుకుంది. అక్షరాలు కొంచెం తేటపడ్డాయి.

"లోపం బుర్రది కాదత్తా, కంటిది. దీన్ని చత్వారం అంటారు."

చత్వారం అంటే ఏమిటి?

మన కంటి లోపల అద్దంలాంటి చిన్న బిళ్ల ఉంటుంది. దాన్ని కటకం అంటారు. చిన్న వయసులో అది మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బుతుంది. అందుకే దగ్గరివి బాగా కనబడతాయి. వయసు పెరిగేకొద్దీ అది గట్టిపడుతుంది. మునుపటిలా ఉబ్బలేదు. అందుకే దగ్గరివి మసకబారతాయి. ఇది 40 ఏళ్ల ప్రాంతంలో తెలుస్తుంది. ఇది రోగం కాదు. చదువుకున్న వాళ్లకూ, చదువుకోని వాళ్లకూ వస్తుంది.

దీనికి కళ్లజోడు చాలు. "అద్దాలు పెడితే కళ్లు పాడవుతాయి" అంటారు కొందరు. అది నిజం కాదు. పెట్టినా, పెట్టకపోయినా చత్వారం కొన్నేళ్లపాటు పెరుగుతుంది. అందుకే మధ్య మధ్య అద్దాలు మార్చాలి. ఆకుపసర్లు, తేనె, పాలు కంట్లో పోయకండి. వాటితో చత్వారం పోదు. కంటికి హాని జరగవచ్చు.

"ఇంట్లో ఉండే దానివి, నీకెందుకు కళ్లజోడు?" అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? పొదుపు పుస్తకంలో అంకెలు చూసుకోవాలి. మందు సీసా మీద తేదీ చూడాలి. సంతకం పెట్టే ముందు కాగితం చదవాలి. చదవకుండా సంతకం పెడితే, అదీ వేలిముద్రతో సమానమే!

తెలంగాణలో 2018లోనూ, 2023లోనూ "కంటి వెలుగు" శిబిరాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అదే పేరుతో పరీక్షలు మొదలుపెట్టారు. అవసరమైన వాళ్లకు అద్దాలు ఉచితంగా ఇచ్చారు. మీ దగ్గర ఇప్పుడు కంటి పరీక్ష ఎక్కడ చేస్తారో ఆశా కార్యకర్తను అడగండి. పక్కింటివాళ్ల జోడు అరువు తెచ్చుకోవద్దు. మీ కంటికి ఎంత పవరు కావాలో పరీక్షలోనే తెలుస్తుంది.

వీటిని మాత్రం వయసు మీదకు నెట్టకండి:

● ఉన్నట్టుండి చూపు తగ్గడం
● కన్ను ఎర్రబడి బాగా నొప్పి పుట్టడం
● దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడడం
● దూరంవి కూడా పొగమంచులో ఉన్నట్టు కనబడడం

ఇవి చత్వారం కాదు. వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు బాధ లేకపోయినా ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలి.

మాట్లాడుకోండి

1. ఈ పుస్తకాన్ని ఎంత దూరంలో పట్టుకుంటే మీకు అక్షరాలు బాగా కనబడుతున్నాయి?
2. మీ ఇంట్లో ముందుగా ఎవరికి కళ్లజోడు వచ్చింది? ఎందుకు?
3. కనబడక చదువు మానేసినవాళ్లు మీ ఊళ్లో ఉన్నారా? వాళ్లకు ఏం చెబుతారు?

చూసి రాయండి: చత్వారం, కళ్లజోడు, చూపు, సంతకం.