మనస్సు క్రుంగని బాల్యము

పాఠ్యభాగములు: కొలొస్సయులకు 3:20, 21, ఎఫెసీయులకు 6:4, 1 సమూయేలు 17:28–40, మార్కు 10:13–16

పిల్లలలో ఆత్మవిశ్వాసమును పెంపొందింపవలెనను మాట నేడు పాఠశాలల ప్రకటనలలోను తలిదండ్రుల సభలలోను తరచుగా వినబడుచున్నది. విశ్వాసుల కుటుంబములలో ఈ మాటను గూర్చి రెండు అభిప్రాయములు కలవు. కొందరు దానిని యథాతథముగా స్వీకరించి, బిడ్డ ఏమి చేసినను పొగడుచుందురు. మరికొందరు అది గర్వమునకు మారుపేరని భయపడి, మెచ్చుకొనినచో బిడ్డ చెడిపోవునని ఒక్క మంచి మాటయైనను పలుకరు. ఈ రెండు త్రోవల నడుమ దేవుని వాక్యము మనకు చూపు మార్గమేమో పరిశీలించుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఇది వాదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట, కొద్ది దినములలోనే 20 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములను తీసికొనిరి. ఆ ఫలితములలో తప్పులు దొర్లినవని ప్రభుత్వము నియమించిన కమిటీయే తరువాత తెలిపెను. ఒక్కొక్క మరణము వెనుక కారణములు అనేకములుండవచ్చును. అయినను ఒక కాగితము మీది అంకెలే తన విలువయని నమ్మిన బిడ్డకు ఆ అంకెలు తగ్గిన దినమున నిలుచుటకు చోటెక్కడ? ఆ చోటును సిద్ధపరచుట పరీక్షలకు ఎంతో ముందుగా, ఇంటిలో జరుగవలసిన పని.

1. అపొస్తలుడు వాడిన రెండు మాటలు

కొలొస్సయులకు 3:21లో పౌలు తండ్రులను హెచ్చరించుచున్నాడు. పిల్లలను రేపవద్దనియు, రేపినయెడల వారి మనస్సు క్రుంగుననియు దాని భావము. ఇచ్చట "క్రుంగు" అని మన బైబిలులో నున్న చోట మూలమున "అథుమెయో" అను గ్రీకు క్రియ కలదు. "థుమోస్" అనగా లోపలి ఉత్సాహము, ప్రాణపు వేడి. దానికి ముందు చేరిన "అ" అది లేకపోవుటను సూచించును. క్రొత్త నిబంధన అంతటిలో ఈ క్రియ ఈ ఒక్కచోటనే వచ్చును. అయితే పాత నిబంధన యొక్క గ్రీకు అనువాదములో, 1 సమూయేలు మొదటి అధ్యాయమున, హన్నాను గూర్చి ఇదే మాట వాడబడెను. పెనిన్నా ఏటేట ఆమెను ఎత్తిపొడుచుచుండగా హన్నా ఏడ్చి, భోజనము మానెను. మాటలతో పొడువబడిన బిడ్డ స్థితియు అట్టిదే. పైకి ఏ గాయమును కనబడదు. లోపలి వేడి మాత్రము చల్లారిపోవును.

రెండవ మాట "ఎరెథిద్జో". రేపుట, కదలించుట అని దాని అర్థము. పౌలు దీనినే 2 కొరింథీయులకు 9:2లో మంచి అర్థమున వాడెను. అచ్చట కొరింథీయుల ఆసక్తి ఇతరులను దాతృత్వమునకు కదలించినది. కాబట్టి కదలించుట దానంతట అది చెడ్డది కాదు. ఒకరి ఆసక్తిని చూచి మరియొకరు ముందుకు కదలవచ్చును. అదే కదలింపు బిడ్డను కోపమునకును, పిమ్మట నిరాశకును గురిచేయవచ్చును. "పక్కింటి పిల్లను చూచి నేర్చుకో" అను మాటతో బిడ్డను ముందుకు నడిపించుచున్నామని మనము తలంతుము. బిడ్డకు మాత్రము "నీవు చాలవు" అనియే వినబడును.

ఆ కాలమున రోమా ధర్మము తండ్రికి బిడ్డలపై ప్రాణముల విషయములో సయితము అధికారమిచ్చినదని మరువరాదు. అట్టి లోకములో అపొస్తలుడు పిల్లల విధేయతను చెప్పి ఊరకుండక, తండ్రి అధికారమునకు హద్దు నియమించెను. బిడ్డ మనస్సు క్రుంగకుండుటయే ఆ హద్దు.

2. "శిక్ష" అను మాటకు అర్థము

ఎఫెసీయులకు 6:4లో ప్రభువు యొక్క "శిక్ష"లో పిల్లలను పెంచవలెనని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది. నేటి తెలుగువాడు ఈ మాటను వినగానే బెత్తమును తలంచును. కాని సంస్కృతమున శిక్ష అనగా నేర్చుకొనుట, అభ్యాసము. ఢిల్లీలోను భోపాలులోను నివసించు మన పాఠకులకు ఇది సులభముగా తెలియును. హిందీలో విద్యా మంత్రిత్వశాఖకు "శిక్షా మంత్రాలయ" అని పేరు. మన శిక్షణ, శిక్షకుడు అను మాటలలో ఆ పాత అర్థము నేటికిని నిలిచియున్నది. మూలమున నున్న "పైదేయ" అను గ్రీకు మాట "బిడ్డ" అను పదము నుండి పుట్టినది. బిడ్డను మనిషిగా తీర్చిదిద్దు సమస్త అభ్యాసమును అది సూచించును. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము చూపునట్లు దానిలో దిద్దుబాటు కలదు. గాని దిద్దుబాటే దాని సర్వస్వము కాదు.

అదే వచనములోని "పెంచుట" అను క్రియయు గమనింపదగినది. ఎఫెసీయులకు 5:29లో మనుష్యుడు తన శరీరమును పోషించుకొనుటను గూర్చి పౌలు ఇదే క్రియను వాడెను. కాబట్టి తండ్రి పని మొదట పోషించుట. అన్నము లేని శరీరమును దండించి బలపరచలేనట్లే, ఆదరణ లేని మనస్సును గద్దించి ధైర్యపరచలేము.

మన దేశమున 2009 విద్యాహక్కు చట్టములోని 17వ విభాగము పాఠశాలలో బిడ్డను కొట్టుటనే గాక మానసికముగా వేధించుటను సయితము నిషేధించినది. లోకపు చట్టము ఇంతగా చూచుచుండగా, మన ఆదివారపు బడులును గృహములును దానికంటె తక్కువగా నుండదగునా?

3. సౌలు కవచము, దావీదు వడిసెల

ఏలా లోయలో బాలుడైన దావీదు మూడు అడ్డంకులను ఎదుర్కొనెను. మొదటిది, అన్నయైన ఏలీయాబు మాట. అతడు తమ్ముని రాకకు దురుద్దేశమును అంటగట్టెను. బిడ్డ చేసిన పనిని గాక బిడ్డ హృదయమునే నిందించుట ఇట్టిది. రెండవది, సౌలు చేసిన పోలిక. ఫిలిష్తీయుడు చిన్ననాటి నుండి యోధుడు, నీవు బాలుడవు అని అతడు తీర్మానించెను. మూడవది, సౌలు కవచము. ఇది ద్వేషముతో ఇచ్చినది కాదు, మేలు కోరియే తొడిగించెను. అయినను దానితో దావీదు నడువలేకపోయెను. తాము పొందగోరి పొందలేని వృత్తిని, తాము చేరగోరి చేరలేని కళాశాలను, ప్రేమతోనే బిడ్డకు తొడుగు తలిదండ్రులు ఈ భాగమును నెమ్మదిగా చదువవలెను.

దావీదు ధైర్యము ఎచ్చట నుండి వచ్చెను? అతడు తన బలమును పొగడుకొనలేదు. సింహము నోటనుండియు ఎలుగుబంటి చేతినుండియు గొఱ్ఱెపిల్లను విడిపించిన సంగతిని చెప్పి, ఆ దినమున తన్ను కాపాడిన యెహోవా నేడును కాపాడునని చెప్పెను. ఎవరును చూడని పొలములో, అప్పగింపబడిన చిన్న పనిలో అతని ధైర్యము పుట్టినది. మనస్తత్వ శాస్త్రజ్ఞుడైన ఆల్బర్ట్ బాండూరా 1977లో వ్రాసినదియు దీనికి దగ్గరగా నున్నది. తాను చేయగలనను నమ్మకమునకు ఇతరుల ప్రోత్సాహము, ఇతరుల మాదిరి తోడ్పడును గాని, తానే స్వయముగా చేసి నెరవేర్చిన అనుభవము వాటన్నిటికంటె బలమైనదని అతడు చూపెను.

కనుక బిడ్డకు పని అప్పగింపుడు. అంగడికి పంపి చిల్లర లెక్కచూచి తెమ్మనుడు. కుటుంబ ప్రార్థనలో వాక్యము చదువనిండు. జబ్బుపడిన పొరుగువారికి గంజి పట్టుకొని పొమ్మనుడు. ఒలికినచో తుడుచుటయు నేర్పుడి. గిన్నెను చేతినుండి లాగికొనకుడి. ముంబయిలోను ఖరగ్‌పూర్‌లోను విదేశములలోను పెరుగు మన పిల్లలు తెలుగు బైబిలును తడబడుచు చదువునప్పుడు పెద్దలు నవ్వుట కలదు. ఆ నవ్వు ఒక నిమిషము ఉండును. బిడ్డ మాత్రము మరల తెలుగున నోరు తెరువక పోవచ్చును.

4. ఎట్లు మెచ్చుకొనవలెను?

మెచ్చుకొనుట పాపము కాదు. అయితే దేనిని మెచ్చుకొనుచున్నామో తెలిసి మెచ్చుకొనవలెను. 1998లో క్లాడియా మ్యూలర్, కేరోల్ డ్వెక్ అను అమెరికా పరిశోధకులు తమ ప్రయోగములను ప్రకటించిరి. కొందరు పిల్లలను "నీవు తెలివిగలవాడవు" అనియు, మరికొందరిని "నీవు బాగుగా శ్రమించితివి" అనియు మెచ్చుకొనిరి. తరువాత కఠినమైన లెక్కలు ఇచ్చి ఓటమి చూపినప్పుడు, తెలివిని గూర్చి పొగడబడినవారు ఆసక్తి కోల్పోయిరి. తమ మార్కులను హెచ్చించి చెప్పినవారును వారిలోనే ఎక్కువగా నుండిరి. శ్రమను గూర్చి మెచ్చుకొనబడినవారు పట్టు విడువలేదు.

గలతీయులకు 6:4లో ప్రతివాడును ఇతరునితో పోల్చుకొనక తన పనినే పరీక్షించుకొనవలెనని పౌలు బోధించుచున్నాడు. నిన్నటికంటె నేడు ఏమి మేలుపడినది అని అడుగుట ఈ బోధకు తగినది. ఎంతమందికంటె ముందున్నావు అని అడుగుట దానికి విరోధము. రోమీయులకు 12:3 కూడ తన్ను తాను మితముగా, ఉన్నది ఉన్నట్లు ఎంచుకొనుమని చెప్పుచున్నది. అతిగా ఎంచుకొనుట ఎంత అసత్యమో, తక్కువగా ఎంచుకొనుటయు అంతే అసత్యము.

5. పునాది ఎక్కడ?

క్రైస్తవ తలిదండ్రులు ఇంకొక అడుగు లోతునకు పోవలెను. మన సామర్థ్యము దేవునివలననే కలుగుచున్నదని 2 కొరింథీయులకు 3:5 తెలుపుచున్నది. ఇది బిడ్డ ధైర్యమును తగ్గించు బోధ కాదు. ధైర్యమునకు కదలని పునాది వేయు బోధ. యొర్దానులో పరలోకపు తండ్రి తన కుమారుని ప్రియునిగా ప్రకటించినది మార్కు సువార్తలో మొదటి అధ్యాయముననే. అప్పటికి ఆ సువార్త ప్రభువు చేసిన ఒక్క అద్భుతమునైనను చెప్పలేదు. ప్రేమ మొదట వచ్చెను, పని తరువాత వచ్చెను. మన గృహములలో ఈ క్రమము తలక్రిందులైనది. మార్కులు వచ్చినచో ప్రేమ చూపెదమని నోటితో చెప్పకున్నను, ముఖముతో చెప్పుచున్నాము.

ప్రభువు చిన్నబిడ్డలను చేరదీసికొన్నప్పుడు వారిని ఏ వాక్యమును ఒప్పజెప్పుమని అడుగలేదు. ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించెను. కౌగిలించుటను తెలుపు ఆ గ్రీకు క్రియ క్రొత్త నిబంధనలో మార్కు 9:36లోను 10:16లోను మాత్రమే కలదు. రెండు చోటులను ఆయన చేతులలో నున్నది బిడ్డయే.

ఇంటిలో ఆచరింపవలసినవి

ఒకటి: ఫలితములు రాకముందే, అవి ఎట్లున్నను నీవు మా బిడ్డవేయని నోరు తెరచి చెప్పుడి. వచ్చిన తరువాత చెప్పిన మాట ఓదార్పుగా మాత్రమే వినబడును.

రెండు: తప్పును దిద్దునప్పుడు తప్పు పేరే చెప్పుడి, బిడ్డకు పేరు పెట్టకుడి. "అబద్ధమాడితివి" అనుట వేరు, "అబద్ధీకుడవు" అనుట వేరు. దిద్దుబాటు ఏకాంతమున జరుగవలెను, బంధువుల యెదుట కాదు.

మూడు: వారమునకు ఒక్కమారైనను బిడ్డ చెప్పునది ముగియువరకు నడుమ మాటలాడక వినుడి.

నాలుగు: బ్రదికి ప్రయోజనము లేదని బిడ్డ పలికినను, నిద్రాహారములు మాని ఒంటరియైనను, అవిశ్వాసమని గద్దింపకుడి. ప్రక్కన కూర్చుండుడి, ఒంటరిగా విడువకుడి, సూటిగా అడుగుడి, వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యపై ఉచితముగా, రాత్రింబగళ్లు, తెలుగులోను పొందవచ్చును. ప్రార్థించుటయు వైద్యుని సహాయము కోరుటయు ఒకదానికొకటి విరోధములు కావు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీయాబు మాట, సౌలు పోలిక, సౌలు కవచము: ఈ మూటిలో మన యింట తరచుగా కనబడునది ఏది?

2. ఈ సంవత్సరము నా బిడ్డకు నేను నమ్మి అప్పగించిన పని ఏది?

3. మన సంఘములో వాక్యము ఒప్పజెప్పలేని బిడ్డకు దొరకు స్థానమేమి?

ప్రార్థన

పరలోకమందున్న తండ్రీ, మేము ఏమియు సాధింపకముందే క్రీస్తునందు మమ్మును చేర్చుకొంటివి. నీవు మాకు అప్పగించిన పిల్లల మనస్సు మా మాటలచేత క్రుంగకుండునట్లు మా నోటికి కావలియుంచుము. మా కవచములను వారికి తొడుగక, నీవు వారికిచ్చిన వడిసెలను గుర్తించు కన్నులు మాకు దయచేయుము. నేడు నిరాశలో నున్న ప్రతి బిడ్డ ప్రక్కన కూర్చుండుటకు ఒకరిని పంపుము; మమ్మునే పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.