పేరు కుట్టే ముందు

చిరంజీవి అమ్మడుకి,

ఈ ఏడాది మీ అక్క పెళ్ళికీ, వదిన బిడ్డ బారసాలకీ, మామయ్య షష్టిపూర్తికీ బజారు సామాను కొనకుండా నీ చేత్తో దిండ్లు కుట్టి, ఒక్కోదాని మీద వాళ్ళ పేరో, తేదీయో, బొమ్మో వేసి ఇద్దామనుకుంటున్నానని రాశావు. ఏ గుడ్డ తీసుకోవాలి, పేరు ఎలా కుట్టాలి అని అడిగావు. రెండూ చెబుతాను. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. పేరు ఉన్నంత మాత్రాన దిండు ఆ మనిషిది అయిపోదు. వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, ఎటు ఒరిగి పడుకుంటారు, ఇంట్లో బట్టలు ఉతికేదెవరు, పరుపులు ఎండబెట్టుకునే డాబా ఉందా, దుమ్ము తగిలితే తుమ్ములు వస్తాయా, ఇవన్నీ కనుక్కుని కుట్టిన దిండు మీద ఒక్క అక్షరం లేకపోయినా అది వాళ్ళదే. ఈ సంగతులేవీ పట్టించుకోకుండా బంగారు దారంతో పేరు కుట్టినా అది ఎవరికైనా ఇవ్వగల వస్తువే. కాబట్టి గుడ్డ కొనకముందు మనిషిని గురించి ఆలోచించు. మిగతా నిర్ణయాలన్నీ అందులోంచే వస్తాయి.

అమ్మమ్మల కాలం నాటి గలీబులు ఎవరింట్లోనైనా కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడు. తెల్లటి లాంగ్‌క్లాత్ మీద గులాబీలు, జంట చిలకలు, దంపతుల పేర్లు, కొన్నిటి మీద గుడ్ నైట్, స్వీట్ డ్రీమ్స్ అన్న ఇంగ్లీషు మాటలు కూడా ఉంటాయి. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు ఓపిగ్గా కుట్టుకుని అత్తవారింటికి పట్టుకెళ్ళినవి అవి. వాటిలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకంలో పువ్వు నడిమధ్యన, ముడికుట్లతో ఒత్తుగా ఉంటుంది. ఆ గుడ్డ ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది, ఎందుకంటే దాని మీద తల పెడితే ముడులు చెంపకు గుచ్చుకుంటాయి. చుట్టాలొచ్చినప్పుడు ఇస్త్రీ చేసి తొడిగి, వాళ్ళు వెళ్ళగానే మడిచి పెట్టెలో పెట్టిన గలీబు అది. రెండో రకంలో పనితనమంతా గలీబు మూతి దగ్గర, నాలుగు అంగుళాల పట్టీలోనే ఉంటుంది. తల ఆనే చోట గుడ్డ నున్నగా వదిలేసి ఉంటుంది. ఈ రకం దొరికితే రంగు వెలిసి, పల్చబడి, ఒకటి రెండు అతుకులు పడి దొరుకుతుంది. కుట్టు ఎంత బాగా వచ్చినా మొదటి రకం కుట్టినావిడ పువ్వు గురించి మాత్రమే ఆలోచించింది. రెండో ఆవిడ పడుకునేవాళ్ళ గురించి కూడా ఆలోచించింది. నువ్వు ఆ రెండో ఆవిడ దారిలో వెళ్ళాలని నా కోరిక.

ఇవి పడుకునే దిండ్లు కావు పెద్దమ్మా, సోఫాలో అందానికి పెట్టుకునేవి అని నువ్వనొచ్చు. మన ఇళ్ళలో ఆ తేడా ఒక పూట కూడా నిలవదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక సోఫా దిండు తల కిందికొస్తుంది, సాయంత్రం క్రికెట్ చూసేవాళ్ళ మోచేతి కిందికీ, చాప మీద కూర్చున్న పెద్దావిడ నడుము వెనక్కీ చేరుతుంది, పిల్లలుంటే గాల్లోకి లేస్తుంది. రెండు పడగ్గదుల ఫ్లాట్లో చూడ్డానికి మాత్రమే ఒక దిండును ఉంచుకునే చోటు ఎవరికుంది? ముట్టుకుంటే పూసలు రాలతాయని భయపడాల్సిన దిండు దసరా దులుపుళ్ళ నాటికి అటకెక్కుతుంది. లంబాడీ అద్దాల పనంటే నాకు ప్రాణం. మగ్గం వర్కు చేసేవాళ్ళ చెయ్యి చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అవి కావాలనుకుంటే అంచున ఒక వరస పెట్టు, ముఖం మీద వద్దు.

ఇంకో మాట కూడా వినపడుతుంది. ఫోటో పంపితే రెండు మూడు రోజుల్లో అచ్చు వేసిన దిండు ఇంటికే వస్తుంది, ఖర్చూ తక్కువ, ఇంత శ్రమ ఎందుకని. దూరాన ఉన్నవాళ్ళకీ, సమయం చాలనప్పుడూ అది చక్కగా పనికొస్తుంది, తప్పు పట్టను. కాకపోతే అదెలా తయారవుతుందో తెలుసుకో. సాధారణంగా వాడేది సబ్లిమేషన్ పద్ధతి. కాగితం మీద అచ్చు వేసిన రంగు సుమారు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి ఇంకుతుంది. నూలుకు ఆ రంగు పట్టదు. అందువల్ల ఆ దిండ్ల ముఖం పాలిస్టర్ గుడ్డే అయి తీరాలి. పాలిస్టర్ చెమట పీల్చదు. మే నెలలో ఖమ్మంలోనో విజయవాడలోనో కరెంటు పోయిన మధ్యాహ్నం దాని మీద చెంప పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. అచ్చు వేసేవాళ్ళకి ఆ దిండు ఏ ఊరికి వెళ్తుందో, ఎవరి తల కిందికి వెళ్తుందో తెలియదు, తెలిసినా గుడ్డ మార్చలేరు. నీకు తెలుసు, నువ్వు మార్చగలవు. చేత్తో కుట్టడంలో లాభం ప్రధానంగా ఇదే.

దిండు లోపల కూరేది కంటికి కనపడదు కనుక కొత్తగా కుట్టేవాళ్ళు దాన్ని ఆఖరుకి వదిలేస్తారు. నువ్వు దానితోనే మొదలుపెట్టు. బూరుగు దూది పోగు లోపల బోలుగా, పైన మైనపు పూతతో ఉంటుంది, నీళ్ళు పీల్చదు. ఆ జాతి దూదినే ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ జాకెట్లలో కూరేవారు. తేలిక, చల్లదనం దాని గుణాలు. కానీ పోగు జారుడుగా ఉండి వదులు నేత గుడ్డలోంచి బయటికొస్తుంది, ఉతకడానికి వీల్లేదు, అప్పుడప్పుడూ ఎండ చూపించాలి. పత్తి దూది చెమ్మ పీల్చి కొన్నేళ్ళకు గడ్డలు కడుతుంది, మళ్ళీ ఏకించాలి. ఇదివరకు దూదేకులవారు విల్లు భుజాన వేసుకుని వీధిలోకే వచ్చి ఏకి వెళ్ళేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ పని చేసేవాళ్ళు దొరకరు. పాలిస్టర్ ఫైబర్ ఉతికితే త్వరగా ఆరుతుంది, గడ్డ కట్టడం తక్కువ. ముఖానికి పాలిస్టర్ వద్దని లోపలికి దాన్నే చెబుతున్నానేమని అనుకోకు. ఒంటికి తగిలేది గలీబు, అది నూలుదైతే చాలు. హైదరాబాదు ఫ్లాట్లో ఉద్యోగానికి పరిగెత్తే మీ అక్కకి పత్తి దిండు ఇస్తే ఆమె మీద ఒక పని మోపినట్టే. దుమ్ము పడనివాళ్ళకి ఉతికే వీలున్నది తప్ప మరొకటి ఇవ్వకు. పల్లెలో డాబా, ఎండ, ఓపిక మూడూ ఉన్న మామయ్యకి బూరుగు దూది బాలీసు కుట్టు, పడక కుర్చీలో నడుము వెనక పెట్టుకుంటాడు. ఏది కూరినా దగ్గర నేత గుడ్డతో లోపలి సంచీ వేరుగా కుట్టి మూసెయ్యి, గలీబు విడిగా ఊడిరావాలి. పదహారు అంగుళాల దిండుకు పాలిస్టర్ ఫైబర్ సుమారు 400 గ్రాములు పడుతుంది.

గలీబు లెక్క చాలా సులువు. పూర్తయ్యాక 16 అంగుళాల చదరం రావాలంటే ముందు వైపు ముక్క 17 అంగుళాల చదరంగా కత్తిరించు, నాలుగు వైపులా అర అంగుళం కుట్లకు పోతుంది. వెనక వైపుకు జిప్ అక్కర్లేదు. 17 అంగుళాల ఎత్తు, పదకొండున్నర వెడల్పు ఉన్న రెండు ముక్కలు తీసుకుని, ఒక్కోదానికీ ఒక అంచు అంగుళం మేర మడిచి కుట్టి, ఒకదాని మీద ఒకటి నాలుగు అంగుళాలు ఎక్కేలా వేస్తే దిండు దానంతటదే లోపల నిలుస్తుంది. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డయితే ఈ మూడు ముక్కలూ అర మీటరులో వచ్చేస్తాయి. లోపలి దిండు గలీబు కన్నా ఒక అంగుళం పెద్దదిగా ఉంటే బిగువుగా కనపడుతుంది. మూలల దగ్గర కుట్టును కొంచెం లోపలికి వాలుగా తీసుకురా, లేకపోతే మొనదేలి నిక్కుతాయి. నూలు గుడ్డను కత్తిరించే ముందు తప్పకుండా ఉతికి ఆరబెట్టు, కుంగేదేదో ముందే కుంగిపోతుంది. పెడన అచ్చు కలంకారీయో, పోచంపల్లి ఇక్కతో తీసుకుంటే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడు. పేరు కుట్టాలనుకున్న చోట మాత్రం పూలగుడ్డ వాడకు, అక్షరాలు కలిసిపోతాయి. మంగళగిరి సాదా నూలు దీనికి బాగుంటుంది.

తెలుగు అక్షరాల గుండ్రదనానికి గళ్ళ లెక్కన వేసే క్రాస్ స్టిచ్ నప్పదు, వంపులన్నీ మెట్లుమెట్లుగా విరుగుతాయి. కాడకుట్టు అందంగా వస్తుంది. వంపు దగ్గర కుట్టు పొడవు సగానికి తగ్గించుకో. యాంకర్ దారం లచ్ఛాలో ఆరు పోగులుంటాయి, అంగుళం ఎత్తు అక్షరానికి మూడు పోగులు చాలు. పేరులో ఒత్తులుంటే కింద అర అంగుళం చోటు వదలడం మరిచిపోకు. స్వప్న లాంటి పేరుకి చోటు చాలక ఒత్తులు అంచులోకి దిగిపోతే చూడ్డానికి బాధగా ఉంటుంది.

అయితే పేరు ఎక్కడ కుట్టాలన్నది దారం కన్నా పెద్ద ప్రశ్న. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళు మనవి. దివాను మీదా, చాప మీదా తిరిగే దిండుకు కాళ్ళు తగలకుండా ఉండవు. అలాంటి దిండు ముఖాన పెద్దాయన పేరు పెద్ద అక్షరాలతో ఉంటే ఆయన పక్కన పెట్టేస్తాడు, నోరు తెరిచి కారణం చెప్పడు. పేరు వెనక వైపు ఒక మూల చిన్నగా ఉండనీ. దేవుడి బొమ్మ, దేవుడి పేరు అసలే వద్దు, శ్రీకాళహస్తి కలంకారీ ఎంత ముచ్చటగా ఉన్నా అది గోడ మీద ఉండవలసిందే. పోయినవాళ్ళ ఫోటో దిండు మీద వేయించే పని కూడా చెయ్యకు. దాని మీద తల ఆనించడానికి ఎవరికీ మనసొప్పదు. వాళ్ళ జ్ఞాపకం ఇవ్వాలనుంటే నూలు చీర మంచిది. ఐదున్నర మీటర్ల చీరలో లెక్క ప్రకారం పన్నెండు గలీబులకు సరిపడా గుడ్డ ఉంటుంది. అరిగినవీ చిరిగినవీ తీసేసినా నలుగురు పిల్లలకు తలా ఒకటి తప్పక వస్తుంది, అమ్మ చీర ఎవరికన్న మాట రాదు. పాత గుడ్డ కనుక వెనక అస్తరు వేసి కుట్టాలి. కానీ కొన్ని ఇళ్ళలో పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు, దానం చేసేస్తారు. కత్తెర పడ్డాక చీరను మళ్ళీ అతకలేం. ముందు అడుగు.

బారసాల దిండు సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఉయ్యాల్లో పెట్టడానికి దిండు కుట్టకు. ఏడాది నిండని పిల్లలు పడుకునే చోట దిండ్లు, మెత్తలు, వదులు దుప్పట్లు ఉండకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ స్పష్టంగా చెబుతోంది. ముక్కుకూ నోటికీ అడ్డం పడితే తప్పించుకునే శక్తి ఆ వయసులో ఉండదు. మనవాళ్ళు తరతరాలుగా ఆవాల దిండు వేస్తున్నారు కదా, తల గుండ్రంగా వస్తుంది కదా అని ఇంట్లో పెద్దవాళ్ళంటారు. వాళ్ళ ప్రేమను శంకించనక్కర్లేదు. నిద్రలో వెల్లకిలా పడుకోబెట్టి, మెలకువగా ఉన్నప్పుడు దగ్గరుండి కాసేపు బోర్లా వేస్తే తల ఒకే వైపు నొక్కుకుపోవడం తగ్గుతుంది, దానికి దిండు అవసరం లేదు. పైగా పళ్ళెంలో బియ్యం మీద రాసేదాకా పేరే తెలియనప్పుడు పేరు ఎలా కుడతావు? బిడ్డకు బదులు బాలింతకు కుట్టు. ఒళ్ళో బిడ్డను పెట్టుకుని పాలిచ్చేటప్పుడు మోచేతి కింద ఆసరాగా ఉండే కాస్త గట్టి దిండు, మార్చుకోవడానికి రెండు గలీబులు. పాల మరకలు పడతాయి కనుక రెండోది ఉండాలి. ఆ ఇంట్లో ఆ నెలల్లో అంతకన్నా ఎక్కువగా వాడే వస్తువు ఉండదు.

ఇలా ఒక్కొక్కరి గురించి ఆలోచిస్తూ కూర్చుంటే ఏడాదికి ఎన్ని కుట్టగలనని నీకు సందేహం రావచ్చు. మూడో నాలుగో. అంతకు మించి ఒప్పుకోకు. మొదటిది చూడగానే మాకూ ఒకటి కుట్టిపెట్టమ్మా, ఖాళీగా ఉన్నప్పుడేగా అని చుట్టాలు అడుగుతారు. ఆ ఖాళీ అన్న మాట ఆడవాళ్ళ చేతిపనికి ఎంత నష్టం చేసిందో మన గోదావరి జిల్లాలోనే కనపడుతుంది. నరసాపురం లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఆ అల్లికవాళ్ళ మీద పుస్తకం ప్రచురించింది. వాళ్ళను శ్రామికులుగా కాక తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా లెక్కకట్టడం వల్లనే కూలి అంత అడుగున ఉండిపోయిందని ఆమె చూపించింది. ప్రేమతో ఇచ్చేదానికి వెల కట్టమని నేననను. అడిగి చేయించుకునేదానికి మాత్రం గుడ్డ ఖరీదుతోపాటు నీ గంటల ఖరీదు కూడా చెప్పు, మొహమాటపడకు. ఇష్టంగా మూడు కుట్టే చేతిని మొహమాటంతో ముప్ఫై కుట్టిస్తే నాలుగో దిండు నుంచి పేరు తప్ప ఇంకేమీ మారదు, అప్పుడు అచ్చు దిండ్లకూ వాటికీ తేడా ఉండదు.

కుట్టు వంకరపోతుందేమోనని దిగులుపడుతున్నావు. పేరులో ఒక వంపు సరిగా రాకపోతే ఎవరూ బాధపడరు. లోపలి సంచీ కుట్టు వదులై దూది రాలితే మాత్రం బాధపడతారు, అక్కడ రెండు వరసలు వెయ్యి. లోపల ఏ దూది ఉందో, ఎలా ఉతకాలో ఒక చీటీ మీద రాసి దిండుతోపాటు ఇవ్వు. పెళ్ళి ఇంకా దూరం ఉంది కనుక ముందు మీ అక్కకి ఫోన్ చేసి సోఫా రంగు, వాషింగ్ మెషీన్ ఉందా లేదా కనుక్కో. గుడ్డ కొన్నాక ఉతికి ఆరబెట్టిన ముక్క ఒకటి కవర్లో పెట్టి పంపు, దానికి నప్పే దారం రంగులు నేను ఎంచి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ