కొలెస్టరాల్ పరీక్ష వెనుక ఉన్న సూక్ష్మజీవులు

కొలెస్టరాల్ పరీక్ష కాగితం మనలో చాలామంది చూసే ఉంటాం. 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఊరట, దాటితే దిగులు. ఆ అంకెను యంత్రమే కనిపెడుతుందని అనుకుంటాం. నిజానికి యంత్రం చూసేది ఒక రంగును మాత్రమే. ఆ రంగు పుట్టడానికి ఎంజైములు కావాలి. వాటిలో కీలకమైన కొలెస్టరాల్ ఆక్సిడేజ్ మట్టిలో బతికే బ్యాక్టీరియా నుంచి మనకు దొరికింది.

అంతకుముందు లీబర్మన్-బుర్కార్డ్ పద్ధతి ఉండేది. ఎసిటిక్ యాన్‌హైడ్రైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వచ్చే ఆకుపచ్చ రంగును కొలిచేవారు. చేతులు కాలే ప్రమాదం ఒకటి, కొలెస్టరాల్ కాని పదార్థాలు అడ్డుపడే చిక్కు మరొకటి. 1973లో రిచ్‌మండ్ నోకార్డియా అనే బ్యాక్టీరియా నుంచి ఈ ఎంజైమును తీసి సీరం పరీక్షకు వాడి చూపారు. 1974లో అలెయిన్ బృందం మూడు ఎంజైములను ఒకే మిశ్రమంలో కలిపింది. నేటి కిట్లు చాలావరకు ఆ బాటలోనివే.

రక్తంలోని కొలెస్టరాల్‌లో సుమారు మూడింట రెండు వంతులు కొవ్వు ఆమ్లాలతో ముడిపడి ఉంటుంది. ముందు కొలెస్టరాల్ ఎస్టరేజ్ ఆ ముడి విప్పాలి. విడిపడిన కొలెస్టరాల్‌ను ఆక్సిడేజ్ ఆక్సిజన్ సాయంతో మారుస్తుంది; అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దాన్ని వాడుకొని పెరాక్సిడేజ్ ఎర్రని రంగును తయారుచేస్తుంది. ఈ మూడోది సాధారణంగా బ్యాక్టీరియాది కాదు, మన ఆవ కుటుంబానికే చెందిన హార్స్‌రాడిష్ మొక్క వేరుది! 37 డిగ్రీల దగ్గర ఇదంతా కొద్ది నిమిషాల పని.

శిబిరాలకు సాయం చేసే మనం గమనించవలసిన సంగతి ఇక్కడే ఉంది. ఎంజైములు ప్రోటీన్లు, వేడికి చెడిపోతాయి. అందుకే కిట్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమంటారు. మే నెల ఎండలో డబ్బా కారులో ఉండిపోయి ఎస్టరేజ్ దెబ్బతిన్నదనుకుందాం. ముడి వీడని కొలెస్టరాల్ లెక్కలోకే రాదు. పోల్చి చూసుకునే స్టాండర్డ్ ద్రావణంలో విడి కొలెస్టరాల్ మాత్రమే ఉంటే, అది మామూలుగానే రంగు ఇస్తుంది. టెక్నీషియన్‌కు అనుమానం రాదు. 260 ఉన్న మనిషి 190 అన్న కాగితం పట్టుకొని, మందు అక్కర్లేదనుకొని ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఈ లోపాన్ని పట్టించేది కంట్రోల్ సీరం. దాని విలువ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి, రోగుల రక్తం ముట్టుకోకముందే దాన్ని పరీక్షించి చూడాలి. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మోతాదులో వాడేవారిని కూడా అడిగి రాసుకోవాలి; అది పెరాక్సైడ్‌ను హరించి అంకెను తగ్గించగలదు.

యంత్రం కొనిస్తే పలక మీద పేరు ఉంటుంది. ఐసు పెట్టెకూ కంట్రోల్ సీరానికీ అలాంటి పలక ఉండదు. వచ్చే శిబిరం ఖర్చుల చీటీ చేతికి వచ్చినప్పుడు, ఆ రెండు పద్దులూ అందులో ఉన్నాయో లేదో ముందు చూద్దాం.