లంగరు: ఒక ఇంగ్లీషు క్రియ

మన పిల్లలకు యాంకర్ అంటే టీవీలో మాట్లాడే మనిషి. సముద్రం లేని సీమ మనది. అయినా 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు–కడప కాలువ సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా. పడవను గట్టుకు తాడుతో కట్టడం ‘మూర్’. ఇనుప కొక్కేన్ని నీటి అడుగుకు దించి ఓడను నిలపడం ‘యాంకర్’. ‘ద షిప్ యాంకర్డ్’ అంటే ఓడ లంగరు వేసుకుని ఆగింది. ‘దే యాంకర్డ్ ద షిప్’ అంటే వాళ్లు ఓడకు లంగరు వేశారు. మేకను కట్టేయడానికి ఇవేవీ పనికిరావు, ‘టై’ అనాలి.

లంగరు ఫార్సీ మాట. అందులో దానికి రెండర్థాలు: ఓడను నిలిపేది, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టే చోటు. దర్గాల్లో లంగర్ అంటే ఈ రెండోదే. చదువు ఆపేయబోయిన పిల్లను మీ సాయం బడిలో నిలిపితే, ఆ పనికీ ‘యాంకర్’ అన్న క్రియే సరిపోతుంది.