దత్తత ఉత్తర్వు చేతికొచ్చింది... ఆ తర్వాత?

ప్రశ్న: పెళ్లయిన పదకొండేళ్లకు శిశు గృహ నుంచి రెండేళ్ల పాపను తెచ్చుకున్నాం. ఏడు నెలలైంది. కలెక్టర్ ఉత్తర్వు కూడా వచ్చింది. పాప మాతో బాగా కలిసిపోయింది, రాత్రి నేను పక్కన లేకపోతే నిద్రపోదు. చిక్కులన్నీ బయటి నుంచే. నేను ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాను. బిడ్డకు మూడు నెలలు దాటాయి కాబట్టి సెలవు రాదన్నారు. నర్సరీలో చేర్చడానికి వెళ్తే ‘సొంత పాపేనా?’ అని అడిగారు. సోషల్ వర్కర్ ఇంకా ఇంటికి వచ్చి చూసి వెళ్తోంది, అది మా అత్తయ్యకు నచ్చడం లేదు. పోయిన సంక్రాంతికి మా మరిది భోజనాల దగ్గర అందరి ముందూ ‘పెంచుకోండి వదినా, కాదనం. ఆస్తి మాత్రం మన రక్తానికే’ అన్నాడు. రేపు మాకు బిడ్డ పుడితే ఈ పాప గతేమిటని మా అమ్మ బెంగ. చట్టం ఏమంటోంది?
– ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీ ప్రశ్నలు అరడజను ఉన్నా జవాబుకు ఆధారం ఒక్కటే. అది జువెనైల్ జస్టిస్ చట్టం–2015లోని 63వ సెక్షన్. దత్తత ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ మీకు పుట్టిన బిడ్డే అంటోంది ఆ సెక్షన్. వారసత్వంతో సహా అన్ని విషయాల్లోనూ ఇదే లెక్క. కన్నవారి కుటుంబంతో ఉన్న బంధం కూడా అదే రోజుతో తెగిపోతుంది. ఇదివరకు ఈ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2021లో చట్టాన్ని సవరించి, 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు అప్పగించారు. ‘కోర్టు కాగితం కాదు కదా, దీనికేం బలం’ అని చుట్టాల్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి. దత్త హోమం చేయలేదన్న మాటా అంతే. మీ దత్తత చెల్లడానికి హోమంతో పనిలేదు.

ముందు జనన ధ్రువపత్రం

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇది. ఉత్తర్వు ఆధారంగా జనన మరణాల రిజిస్ట్రార్ ఇచ్చే ధ్రువపత్రంలో తల్లిదండ్రులుగా మీ ఇద్దరి పేర్లే ఉంటాయి. ఉత్తర్వులో ఉన్న పుట్టిన తేదీనే అందులో వేస్తారు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో తెచ్చిన సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ తేదీన గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర్నుంచి ఆధార్, పాస్‌పోర్టు, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టిన తేదీకీ, పుట్టిన చోటుకూ ఇదే రుజువు. కాబట్టి ధ్రువపత్రం చేతికి రాగానే ఇంటిపేరు, స్పెల్లింగు, తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇక్కడ దొర్లిన తప్పు తర్వాత తీసుకునే ప్రతి కాగితంలోకీ పాకుతుంది.

ధ్రువపత్రం వచ్చాక మిగతావి వరసగా పూర్తిచేయండి. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇస్తారు. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లప్పుడు మరోసారి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. రేషన్ కార్డులో పాప పేరు చేర్పించడానికి మీకు గ్రామ, వార్డు సచివాలయం ఉంది. తెలంగాణలో ఉన్నవారు మీ సేవకు వెళ్లాలి. కుటుంబ ఆరోగ్య బీమా ఉంటే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి పాపను చేర్పించండి. ఏజెంటుకు ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. పాప పేరుతో వచ్చిన ఎండార్స్‌మెంటు కాగితం మీ దగ్గర ఉండాలి. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లు నిండేలోపు తెరవాలి. ఏడాదికి కనీసం రూ.250, గరిష్ఠంగా రూ.1.5 లక్షలు కట్టవచ్చు. ఆదాయపు పన్ను చట్టం కూడా బిడ్డ అన్న నిర్వచనంలో దత్తత బిడ్డను కలిపే చెప్పింది.

దత్తత ఉత్తర్వు అసలు ప్రతిని మాత్రం ఎవరి చేతికీ ఇచ్చి రాకండి. చూపించి వెనక్కు తెచ్చుకోండి. ధ్రువీకరించిన నకళ్లు నాలుగైదు తీయించి పెట్టుకుంటే ప్రతిసారీ పరుగులు తప్పుతాయి. ధ్రువపత్రం సరిపోయే చోట ఉత్తర్వు చూపించాల్సిన పనే లేదు.

ఆఫీసులో సెలవు

మీ కంపెనీ చెప్పిన ‘మూడు నెలలు’ ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణలోది. మూడు నెలల లోపు శిశువును దత్తత తీసుకున్న తల్లికి, బిడ్డ చేతికి అందిన రోజు నుంచి 12 వారాల సెలవని అందులో రాశారు. ఆచరణలో ఈ గీత లోపల ఇమిడే తల్లులు అరుదు. కన్నవాళ్లు బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి చట్టమే వారికి రెండు నెలల గడువిస్తోంది. వదిలేసిన బిడ్డ దొరికితే, ఎవరూ లేరని విచారించి దత్తతకు అర్హత ఉందని ప్రకటించడానికి రెండేళ్లలోపు పిల్లల విషయంలో రెండు నెలల వరకూ పడుతుంది. ఆ తర్వాతే తల్లిదండ్రులను చూడటం, అప్పగించడం. ఈ లెక్కన మూడు నెలల బిడ్డ తల్లి ఒడికి చేరేదెప్పుడు? అందుకే ఈ గీతను సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది.

మీరు నోటిమాటతో వెనక్కు రావద్దు. దరఖాస్తు రాసి, దత్తత కాగితం నకలు జతచేసి ఇవ్వండి. కాదంటే కారణం రాసివ్వమనండి. హెచ్‌ఆర్ వాళ్లు చూపే పాత సర్క్యులర్ దగ్గరే ఆగిపోకుండా, ఈ నిబంధనపై సుప్రీంకోర్టులో తాజాగా ఏం జరిగిందో న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. చట్టం చెప్పినదానికన్నా ఎక్కువ సెలవిచ్చే కంపెనీలూ ఉన్నాయి కాబట్టి మీ కంపెనీ లీవ్ పాలసీని కూడా చదవండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు దారి వేరు. ఇద్దరికన్నా తక్కువ పిల్లలుండి, ఏడాదిలోపు బిడ్డను దత్తత తీసుకుంటే 180 రోజుల సెలవుంది. తండ్రికి 15 రోజులిస్తారు. పాప వయసు దాటినా, పిల్లల సంరక్షణ సెలవు మొత్తం ఉద్యోగ కాలంలో 730 రోజుల దాకా వాడుకోవచ్చు. రాష్ట్ర ఉద్యోగులు తమ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులు చూసుకోవాలి.

బడిలో ‘సొంత పాపేనా?’

అవును అని చెప్పండి. అది అబద్ధం కాదు, 63వ సెక్షన్ చెప్పేది అదే. దరఖాస్తులో తల్లి పేరు దగ్గర మీ పేరు, తండ్రి పేరు దగ్గర మీవారి పేరు రాయండి. ‘గార్డియన్’ అన్న గడిలోకి మిమ్మల్ని నెట్టనివ్వకండి. జనన ధ్రువపత్రం ఇచ్చాక దత్తత ఉత్తర్వు కూడా తెమ్మంటే, ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద అడగమనండి. సాధారణంగా అక్కడితో ఆ సంగతి ముగుస్తుంది. దత్తత రికార్డులను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత సంస్థలకూ, అధికారులకూ ఉంది. మీ పాప శిశు గృహ కథ బడి రిజిస్టర్లోకి ఎక్కనక్కర్లేదు.

ఇక ముందు ముందు బడిలో ఎవరైనా పాపను ఈ పేరుతో చులకన చేస్తే, ఒకటో తరగతి నుంచి విద్యాహక్కు చట్టం–2009 అండగా ఉంటుంది. పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ అందులోని 17వ సెక్షన్ నిషేధించింది.

ఇంటికొచ్చే సోషల్ వర్కర్

మీ అత్తగారికి నెమ్మదిగా నచ్చజెప్పండి. బిడ్డ మీ ఇంటికి వచ్చిన నాటి నుంచి రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి నివేదిక పంపడం నిబంధన. ఇది మీ మీద అనుమానంతో పెట్టిన తనిఖీ కాదు, దత్తత తీసుకున్న ప్రతి ఇంటికీ ఉన్నదే. వచ్చినప్పుడు పాప బరువు, టీకాలు, తిండి, నిద్ర, మాటలు, ఇంట్లో అందరితో ఎలా ఉంటోంది అన్నవి అడుగుతారు. టీకాల కార్డు దగ్గర పెట్టుకోండి. ఇల్లు అద్దంలా సర్దాల్సిన పనిలేదు. పాప రాత్రిళ్లు ఉలిక్కిపడుతోందనో, అన్నం నోట్లోనే దాచుకుంటోందనో ఉంటే దాచకుండా చెప్పండి. కౌన్సెలింగ్ ఇప్పించడం కూడా వాళ్ల పనే. అలా చెప్పినందుకు బిడ్డను వెనక్కు తీసుకుపోతారన్న భయం వద్దు.

మరిదిగారి మాట

మీరు హిందువులైతే లెక్క ఇది. మీవారు వీలునామా రాయకుండా కాలం చేస్తే, ఆయన ఆస్తికి హిందూ వారసత్వ చట్టం–1956 ప్రకారం మొదటి తరగతి వారసులు భార్య, పిల్లలు, తల్లి. అంటే మీరు, పాప, మీ అత్తగారు తలా మూడో వంతు తీసుకుంటారు. తమ్ముడు రెండో తరగతివాడు. మొదటి తరగతిలో ఒక్కరున్నా ఆయనకు చిల్లిగవ్వ రాదు. మీ పేరున ఉన్న ఆస్తికీ మీ వారసుల్లో మొదటి వరస మీ పాప, మీవారే.

మీ అత్తగారి స్వార్జితం మాత్రం ఆవిడ ఇష్టం. ఎవరికైనా రాయవచ్చు. అయితే కన్న మనవరాలైనా అంతే కదా! రక్తం పంచుకున్న మనవరాలికి లేని హక్కు మీ పాపకు రాదు, ఉన్న హక్కు పోదు. మరిదిగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

రేపు మీ కడుపు పండితే

సంతోషమే. పాప హక్కు అంగుళం కూడా తగ్గదు. పాత ధర్మశాస్త్ర పద్ధతిలో దత్తత తర్వాత ఔరసుడు పుడితే దత్తపుత్రుడి వాటా తగ్గే సందర్భాలుండేవి. 1956 చట్టాలతో అది పోయింది. ఇప్పుడు ఇద్దరిదీ సమాన వాటా. హిందూ దత్తత చట్టం కిందైతే చెల్లుబాటైన దత్తతను తల్లిదండ్రులు గానీ, మరొకరు గానీ రద్దు చేసుకోలేరని సూటిగా రాసి ఉంది. పెద్దయ్యాక మాట వినడం లేదనో, సొంత బిడ్డ పుట్టిందనో వెనక్కి పంపే వీలు లేదు.

మీరిద్దరూ ఇప్పుడే చేయాల్సింది మరొకటుంది. చెరొక వీలునామా రాయండి. ఆస్తి సంగతి ఎలా ఉన్నా, మీ ఇద్దరూ లేని రోజున పాపను ఎవరు పెంచాలో అందులో పేరుతో సహా రాయండి. ఆ వ్యక్తిని ముందుగా అడిగి ఒప్పించండి. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయిస్తే మంచిది. బ్యాంకులో నామినీగా పాప పేరు పెడితే సరిపోతుందనుకోవద్దు. నామినీ సొమ్ము అందుకునే మనిషి మాత్రమే, హక్కుదారు వారసుడే.

పాపకు చెప్పాలా?

చెప్పి తీరాలని శిక్ష వేసే చట్టం లేదు. కానీ 18 ఏళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవాలని అడిగే హక్కు ఆమెకు దత్తత నిబంధనల్లోనే ఉంది. అంతకుముందైతే మీతో కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కన్నవారి గోప్యతను కాపాడుతూ, ఇవ్వగలిగినంతవరకు వివరాలిస్తారు. ఆ రోజు మరిది నోటినుంచో, పక్కింటివారి నుంచో కాక, చిన్నప్పుడే మీ నోటినుంచి విని ఉండటం పాపకు మేలు.

ఇతర పాఠకులకు రెండు మాటలు

అక్క కొడుకునో, బావగారి కూతురినో తెచ్చి కన్నబిడ్డలా పెంచి, ఏ కాగితమూ రాయించుకోని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. పెంచిన ప్రేమ ఎంత గొప్పదైనా, ఆ బిడ్డ వీలునామా లేకుండా వారసుడు కాడు. హిందూ దత్తతలో బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు, పెళ్లయి ఉండకూడదు. భిన్న ఆచారం ఉంటే తప్ప ఈ నియమానికి మినహాయింపు లేదు. భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలి. కన్నవారు ఇవ్వడం, మీరు తీసుకోవడం నిజంగా జరగాలి. తాతయ్యో, అమ్మమ్మో ఇస్తే చెల్లదు. కొడుకు ఉండగా మరో కొడుకును, కూతురు ఉండగా మరో కూతురిని ఈ చట్టం కింద తీసుకోలేరు. ఇచ్చినవారూ, తీసుకున్నవారూ సంతకాలు చేసిన దస్తావేజును సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తే, కాదని రుజువయ్యేదాకా కోర్టు దాన్ని నమ్ముతుంది. బాండు పేపరు మీద నోటరీకి ఆ బలం లేదు. ముస్లింలకూ, క్రైస్తవులకూ జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత దారి తెరిచే ఉందని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక, ఆసుపత్రి నుంచి నేరుగా బిడ్డను ఇప్పిస్తామనే దళారుల దగ్గరికి వెళ్లకండి. పిల్లల్ని కొనడం, అమ్మడం నేరం. అయిదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. అలా వచ్చిన బిడ్డను మీ ఒడిలోంచి తీసుకుపోతారు కూడా. అనాథ బిడ్డ దత్తతకు కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. వివరాలు మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో చెబుతారు.

సెలవు విషయంలో గానీ, ఆస్తి విషయంలో గానీ చిక్కు ముదిరితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకూ, పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఫోను నంబరు 15100.